ఓడ దిగినంక బోడి మల్లయ్యేనా?

ఓడ ఎక్కేదాక ఓడ మల్లయ్య, ఓడ దిగినంక బోడి మల్లయ్య. ఈ సామెత పుట్టించినోడు కృష్ణ ఒడ్డునే ఉండి ఉంటడు. ఓట్లప్పుడు ఒడ్డుకొచ్చి పడవ ఎక్కి ఫొటో దిగని లీడర్ లేడు. గెలిచినంక ఆ పడవ నడిపేటోని లైసెన్సు కాయితం ఏ బల్ల కింద పడి ఉన్నదో చూసిన లీడరూ లేడు.

ఈ వారం మేము రాసేది పెద్ద ప్రాజెక్టు గురించి కాదు. టీఎంసీల లెక్క కాదు. ఒక చిన్న పడవ, సర్కారు రేవుల అది ఆగడానికి ఇచ్చే లైసెన్సు, ఆ లైసెన్సు రెన్యువల్. ఇంతే. "రాష్ట్రం వచ్చినంక కూడా ఉద్యమ పత్రిక ఎందుకు?" అని అడిగే పెద్దమనుషులకు కూడా ఇదే జవాబు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. రేవుకు ఇంకా రాలేదు.

సంగతి ఏందంటే

మా దృష్టికి వచ్చిన ఒక రేవు కథ చెప్తం. రేవు పేరు రాయం, మనిషి పేరు రాయం. రాస్తే రేపు పొద్దున ఆయన మీదనే పడతరని మాకు ఎరుకే. 20 మంది పట్టే డీజిల్ ఇంజన్ పడవ. తండ్రి పుట్టి నడిపిండు, కొడుకు ఇంజన్ పడవ కొన్నడు. గడువు ఒడవక ముందే రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టుకున్నడు. ఒక ఆఫీసుల "నీళ్ళు మావి, పడవ మాది కాదు" అన్నరు. ఇంకో ఆఫీసుల "పడవ సరే, రేవు మాది కాదు" అన్నరు. మూడో ఆఫీసుల "అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం, పై నుంచి ఆర్డర్ రావాలె" అన్నరు. ఇయ్యమని ఎవరూ అనలేదు. ఇస్తమని కూడా ఎవరూ అనలేదు. దరఖాస్తు మీద ఒక్క అక్షరం రాసి ఇచ్చినోడు లేడు.

పడవ ఆగిందా? ఆగలేదు. ఆగదు కూడా. అవతలి ఊర్ల బిడ్డనిచ్చినోడు దాటాలె. కూలికి పోయేటామె దాటాలె. దినాలకు, పెండ్లికి, జాతరకు దాటాలె. నిన్నటిదాక లైసెన్సుతోని నడిచిన పడవ ఇయ్యాల లైసెన్సు లేకుండ నడుస్తున్నది. తేడా అంతే. నిన్న ఆ పడవ సర్కారు లెక్కల ఉన్నది, ఇయ్యాల లేదు. నిన్న దాని మీద ఎంతమంది ఎక్కుతున్నరో అడిగే హక్కు ఆఫీసర్‌కు ఉండె, ఇయ్యాల చేతులు దులుపుకున్నడు. రేపు ఏమన్న అయితే "అది అనుమతి లేని పడవ" అని ఒక్క మాటతోని తప్పించుకుంటడు.

మా కొట్లాట ఈ ఒక్క మాట మీదనే. అనుమతి లేని పడవను పుట్టించింది ఎవరు? అనుమతి అడిగితే పలకని ఆఫీసు కాదా?

నది వెడల్పు పెంచింది ఎవరు?

కొంతమంది చదువుకున్నోళ్ళు అంటరు: "పడవ నడుపుడు ప్రైవేటు దందా. లైసెన్సు ఇచ్చుడు ఇయ్యకపోవుడు సర్కారు ఇష్టం." వీళ్ళకు కొంచెం చరిత్ర గుర్తు చేయాలె.

1963ల శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1981ల ఊళ్ళు ఖాళీ చేయించిండ్రు. ఖాళీ చేయనోళ్ళ ఇండ్లు కూలగొట్టిండ్రు. ఇటు పాలమూరు, అటు కర్నూలు, రెండు జిల్లాల కలిపి వందకు పైగా ఊళ్ళు, లక్ష ఎకరాలకు పైగా భూమి నీళ్ళల్ల కలిసింది. గుళ్ళను రాయి రాయి విప్పి ఒడ్డుకు తెచ్చి కట్టిండ్రు. సోమశిలల ఇయ్యాల మనం చూసే గుళ్ళు అట్ల తెచ్చినవే. దేవునికి పునరావాసం దొరికింది. మనిషికి జీవో దొరికింది. 1986ల ఇచ్చిన 98 నంబర్ జీవో, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగమన్న జీవో, పట్టుకొని కొల్లాపూర్ యువకులు ఆఫీసుల చుట్టూ తిరిగి నడివయసుకు వచ్చిండ్రు.

అయితే ముంపు అంటే పొలం, ఇల్లు మాత్రమే మునుగుడు కాదు. బాట కూడా మునిగింది. అంతకుముందు నది నది లెక్కనే ఉండె. ఎండాకాలం పాయలు దాటొచ్చు, వానకాలం పుట్టి మీద పోవచ్చు. డ్యాం కట్టినంక నది సముద్రమైంది. రెండు ఒడ్లల్ల ఉన్న చుట్టాలు దూరమైండ్రు. ఒకే సంతకు పోయే ఊళ్ళు రెండు లోకాలైనయి. ఆ బాటకు నష్టపరిహారం ఇచ్చిన సర్కారు లేదు. ఆ బాకీ ఇంకా ఉన్నది.

అందుకే మేమంటం: శ్రీశైలం వెనుక జలాల మీద పడవ రేవు సర్కారు పెట్టే భిక్ష కాదు. సర్కారు ముంచిన బాటకు బదులు బాట. రోడ్డు మీద కల్వర్టు కొట్టుకపోతే ఆర్ అండ్ బీ వాళ్ళు పక్కపొంటి తాత్కాలిక బాట వేస్తరు. వేయకపోతే మనం ధర్నా చేస్తం. నలభై ఏండ్ల కింద మునిగిన బాటకు తాత్కాలిక బాట ఏది? ఆ చిన్న పడవనే. ఆ పడవ లైసెన్సును బల్ల కింద పెట్టుడంటే, బాటకు అడ్డంగ గోడ కట్టుడే.

2007 నుంచి ఏం నేర్చుకున్నరు?

మాకు జవాబు చెప్పేటోళ్ళు 2007ను ముందుకు తెస్తరు. తేవాల్సిందే. ఆ ఏడు జనవరిల కొల్లాపూర్ మంచాలకట్ట దగ్గర కృష్ణల పడవ మునిగి 60 మందికి పైగా జలసమాధి అయిండ్రు. సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర కోసం నది దాటినోళ్ళు. ఆడోళ్ళు, పిల్లలు. ఆ దుఃఖాన్ని మరిచినోడు మనిషి కాడు. ఆ పేరు చెప్పి ఇయ్యాల చిన్న పడవను కొట్టేటోడు మాత్రం ఆ శవాల మీద అబద్ధం ఆడుతున్నడు.

మునుగుడుకు కారణాలు కొత్తయి కావు. పట్టేదాని కన్న ఎక్కువ మందిని ఎక్కించుడు. మెడకు జాకెట్ లేకపోవుడు. రేవుల లెక్కబెట్టే మనిషి లేకపోవుడు. గాలి లేచిందా, ఆగమని చెప్పే అధికారం ఎవరికీ లేకపోవుడు. వీటిల్ల ఏ ఒక్కటన్న లైసెన్సు ఆపితే తీరుతదా? లైసెన్సు ఇచ్చి, షరతులు పెట్టి, రేవుల మనిషిని నిలబెడితేనే తీరుతది.

2017 నవంబర్‌ల విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం కాడ కృష్ణలనే పడవ బోల్తాపడి 20 మందికి పైగా చచ్చిపోయిండ్రు. అది అనుమతి లేని పడవ. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరద మీద ఉన్నప్పుడు కచ్చులూరు దగ్గర పెద్ద టూరిస్టు లాంచీ మునిగింది. అండ్ల మన వరంగల్ కడిపికొండ వాళ్ళు కూడా ఉండిరి. ఇంకో రెండున్నర నెలలకు, 2019 డిసెంబర్‌ల, ఆసిఫాబాద్ జిల్లా ప్రాణహితల నాటు పడవ మునిగి ఇద్దరు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లు పోయిండ్రు. డ్యూటీల ఉన్న ఉద్యోగులు. ఉద్యోగ సంఘాల మిత్రులు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోవాలె. రేవు బాగాలేకపోతే మునిగేది పల్లెటూరోడే కాదు. జీతం తీసుకునేటోడు కూడా మునుగుతడు.

పెద్ద లాంచీ మునిగింది, చిన్న నాటు పడవ మునిగింది. అంటే సైజుల లేదు సంగతి. చూసే కన్ను ఉన్నదా లేదా అన్నదే సంగతి. రెన్యువల్ అనేది ఆ కన్ను ఏడాదికొకసారి తెరిచే రోజు. ఆ రోజు చెక్క పగిలిందా చూడాలె, ఇంజన్ చూడాలె, జాకెట్లు లెక్కబెట్టాలె. ఆ రోజే లేకుండ చేసి, "భద్రత కోసమే ఆపినం" అంటే నమ్మేదెవరు?

ఆఫీసర్ల భయం మాకు తెలవక కాదు. సంతకం పెడితే, రేపు ఏమన్న అయితే, సంతకం పెట్టినోడే దొరుకుతడు. పెట్టనోడు దొరకడు. ఇదే మన పాలన నేర్పిన తెలివి. సంతకం పెట్టనోనికి కూడా జవాబుదారీ ఉన్ననాడు ఈ తెలివి పనిచేయదు.

వేలంపాట పేరు మీద

రెండో ముచ్చట వినపడుతున్నది. "రేవును వేలం పెడుదాం. ఎవడు ఎక్కువ పాడితే వానికిద్దాం. సర్కారుకు ఆమ్దాని వస్తది." వినటానికి మంచిగనే ఉంటది. లెక్క వేసి చూద్దాం.

అనుకుందాం, ఒకడు ఏడాదికి 3 లక్షలకు రేవు పాడిండు. గాలివాన, వరద రోజులు తీసేస్తే 300 రోజులు పడవ నడుస్తది. అంటే పాట పైసలకే రోజుకు వెయ్యి రూపాయలు తీయాలె. మనిషికి 25 రూపాయల కిరాయి అనుకుంటే, ఆ వెయ్యికి 40 మంది. రోజుకు ఆరు ట్రిప్పులైతే, ట్రిప్పుకు ఏడుగురు. 20 మంది పట్టే పడవల 27 మంది. డీజిల్, మనిషి కూలి, పడవ రిపేరు, కాంట్రాక్టర్ లాభం అన్నీ ఇంకా లెక్కల రానే లేదు.

ఇది చూసినంక చెప్పుండ్రి, ఎక్కువ మందిని ఎక్కించేది ఎవరు? పడవ మనిషా, వేలంపాటనా? సర్కారు ఖజానాల పడ్డ ప్రతి వెయ్యి రూపాయలు పడవ అంచును నీళ్ళకు ఇంకింత దగ్గర చేస్తయి. నది దాటుడుకు వేలం పెట్టుడంటే ప్రాణానికి వేలం పెట్టుడే. ఇసుకకు, కల్లుకు, చెరువుకు వేలంపాటలు పెట్టి ఊళ్ళను ఎవరి చేతుల పెట్టిండ్రో మనం కండ్లార చూసినం. రేవు కూడా ఆ చేతులకే పోతది. అప్పుడు పడవ నడిపేటోడు వాని రేవుల వాడే కూలోడైతడు.

మేం చెప్పేది సాఫ్ సీదా. రేవు లైసెన్సు ఫీజు నామమాత్రం ఉండాలె. పోటీ పాట మీద ఉండొద్దు, భద్రత మీద ఉండాలె. ఎవని పడవ గట్టిగున్నది, ఎవడు ఈ నీళ్ళను ఎరిగినోడు, ఎవని మీద ఫిర్యాదు లేదు, వానికి ముందు ఇయ్యాలె.

"అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం"

ఇది అన్నిటి కన్న సిగ్గుమాలిన సాకు. మనం ప్రత్యేక రాష్ట్రం అడిగింది ఇందుకా? ఇటు నాగర్‌కర్నూల్, అటు నంద్యాల. ఈ జిల్లాల పేర్లు కొత్తయి. 2016ల ఇటు, 2022ల అటు పెట్టిండ్రు. నది పాతది. దాటే మనుషులు పాతోళ్ళు. మన పంచాయితీ ఆంధ్ర పాలకులతోని. అవతలి ఒడ్డున కట్టెలు మోసుకునే మనిషితోని కాదు, ఎన్నడూ లేదు. ముంపుల ఇల్లు పోగొట్టుకున్న సిద్ధేశ్వరం దిక్కు రైతుకూ, సోమశిల దిక్కు రైతుకూ ఒకటే గోస. సీమోడు మనతోని సమానంగ మునిగిండు.

ఇగ చట్టం సంగతి. 1917 నాటి తెల్లోళ్ళ చట్టాన్ని తీసేసి 2021ల పార్లమెంటు అంతర్గత జలమార్గాల పడవల కోసం కొత్త చట్టం చేసింది. ఇంజన్ పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, నడిపేటోనికి అర్హత కాయితం, ప్రాణరక్షణ సామాను, ఇవన్నీ అండ్ల ఉన్నయి. దానితోపాటు ఇంకో ముఖ్యమైన మాట ఉన్నది. ఒక రాష్ట్రంల ఇచ్చిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతది. ఇంజన్ లేని పడవలు, పుట్ల లెక్క చూసే పనిని స్థానిక సంస్థలకు అప్పజెప్పే వీలు కూడా ఆ చట్టమే ఇచ్చింది.

అంటే ఏందన్నట్టు? లారీ కర్నూలు పోయినప్పుడు నంబర్ ప్లేటు మార్చుకోదు. పడవకు కూడా అదే సూత్రం. ఇగ మిగిలింది రేవుల ఆగే అనుమతి. ఇటు రేవు ఇటు కలెక్టర్ చూడాలె, అటు రేవు అటు కలెక్టర్ చూడాలె. ఇద్దరు కలెక్టర్లు ఫోన్ల మాట్లాడుకుంటే ఒక్క పూట పని. నీళ్ళ పంపకానికి 2014 విభజన చట్టం కింద కృష్ణా బోర్డు పెట్టుకున్నరు. చుక్క చుక్కకు కొట్లాడుతున్నరు, కొట్లాడాల్సిందే. ఆ నీళ్ళ మీద దాటే మనిషి గురించి ఒక్క కుర్చీ, ఒక్క రిజిస్టర్ లేదు.

ఇది సోమశిల ఒక్కదాని ముచ్చట కాదు. మక్తల్ దిక్కు పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం పోయే భక్తులు పుట్ల మీద, పడవల మీద కర్ణాటక నేల మీదికి దాటుతరు. వేమనపల్లి దగ్గర ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. తెలంగాణ చుట్టూ నదులే సరిహద్దు. సరిహద్దు రేవులకు ఒక విధానం లేని రాష్ట్రం, సరిహద్దు ఊళ్ళను తనవి అనుకుంటలేదన్నట్టే.

బ్రిడ్జి వస్తది, ఆగుండ్రి!

ఇగ చివరి సాకు. "సోమశిల–సిద్ధేశ్వరం బ్రిడ్జి వస్తున్నది కదా, ఇప్పుడు పడవలకు లైసెన్సులెందుకు?"

2007 ప్రమాదం నుంచి ఈ బ్రిడ్జి మాట వింటున్నం. 15 ఏండ్లకు, 2022 అక్టోబర్‌ల, ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. 1,082 కోట్ల రూపాయలు. తీగల బ్రిడ్జి. గాజు నడక బాట. గోపురాల లెక్క స్తంభాలు. హైదరాబాద్ నుంచి తిరుపతికి 80 కిలోమీటర్ల దూరం తగ్గుతదన్నరు. 30 నెలల్ల పూర్తి చేస్తమన్నరు. 2022 అక్టోబర్ నుంచి 30 నెలలు లెక్కబెడితే 2025 ఏప్రిల్. ఆ ఏప్రిల్ వచ్చింది, పోయింది. ఆ నెలల బ్రిడ్జి మీద నుంచి నడిచి అవతలికి పోయినోడు ఒక్కడు లేడు. పోయినోడు పోయింది పడవ మీదనే.

బ్రిడ్జి రావాలె. మేము మొదటి నుంచి అడుగుతున్నం. అయితే ఆ 1,082 కోట్లల్ల వెయ్యో వంతు, అంటే ఒక కోటి 8 లక్షలు, ఆ రోజే రేవులకు పెడితే ఏమయ్యేది? తేలే జెట్టీ వచ్చేది. శ్రీశైలం నిండినప్పుడు నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలం వచ్చేసరికి పదుల అడుగులు కిందికి దిగుతది. సంగమేశ్వరం గుడి నీళ్ళల్ల నుంచి బయటపడుతది. ఒక్క తీరు కట్టిన మెట్లు అక్కడ పనికిరావు. నీళ్ళతోపాటు దిగే, నీళ్ళతోపాటు లేచే జెట్టీ కావాలె. అది లేకనే ముసలోళ్ళు, గర్భిణీ స్త్రీలు మోకాలు లోతు బురదల దిగి పడవ ఎక్కుతరు. ఒక్కొక్కసారి ప్రమాదం జరిగేది నడి నదిల కాదు, ఎక్కేకాడ, దిగేకాడనే.

కల్వకుర్తి ఎత్తిపోతలకు ఇదే నీళ్ళ ఒడ్డున ఎల్లూరుల పంపులు పెట్టినం. పాలమూరు–రంగారెడ్డికి నార్లాపూర్‌ల 145 మెగావాట్ల మోటరు 2023 సెప్టెంబర్‌ల నడిపినం. సంతోషమే. నీళ్ళను గుట్ట ఎక్కించే తెలివి ఉన్న రాష్ట్రానికి, మనిషిని పడవ ఎక్కించే తెలివి లేదా?

టూరిస్టుకు ఒక నీతి, ఊరోనికి ఒక నీతి

సోమశిల నుంచి శ్రీశైలానికి టూరిజం లాంచీ నడుపుతున్నమని 2024 నవంబర్‌ల సర్కారు గొప్పగ చెప్పుకున్నది. మంచిదే. నల్లమల అందాలు హైదరాబాదోడు చూడాలె. మాకు పేచీ లేదు. అయితే ఒక్కటి అడుగుతం. ఆ లాంచీకి రేవు దొరికింది, బోర్డు దొరికింది, లైఫ్ జాకెట్లు దొరికినయి, అన్ని శాఖల అనుమతులు దొరికినయి. అవే నీళ్ళు. అదే ఒడ్డు. అదే సర్కారు. మరి ఊరోని పడవ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు ఒక శాఖవి, ఒడ్డు ఇంకో శాఖది ఎట్లైనయి?

టూరిస్టు దాటకపోతే ఫొటో పోతది. ఊరోడు దాటకపోతే కూలి పోతది, పరీక్ష పోతది, చావుబతుకుల్ల ఉన్న మనిషి పోతడు. రేవు ముందు ఎవనిదో ఇంకా చెప్పాల్నా?

మేము పడవోని వకీళ్ళం కాదు

ఒక మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలె. చిన్నోడు కాబట్టి ఏం చేసినా చెల్లుతదని మేము అనం. 20 మంది పడవల 30 మందిని ఎక్కించినోడు చిన్నోడైనా పెద్దోడైనా నేరస్తుడే. తాగి పడవ నడిపినోడు, జాకెట్లు సంచుల కట్టి మూలకు పడేసినోడు, జాతర రోజు కిరాయి మూడింతలు చేసినోడు, వీళ్ళ లైసెన్సు రెన్యువల్ చేయొద్దు, రద్దు చేయాలె. ఆ మాట రాతపూర్వకంగ, కారణం చెప్పి, రద్దు చేయాలె. వానికి అప్పీల్ చేసుకునే బాట ఉండాలె.

మేము వ్యతిరేకించేది ఏందంటే, తప్పు చేసినోనికీ చేయనోనికీ ఒకటే మౌనం. మౌనంతోని మంచోడు ఖరాబైతడు. లైసెన్సు లేనోనికి బ్యాంకు లోను రాదు, ఇన్సూరెన్స్ రాదు. పాత ఇంజన్ మార్చలేడు. పగిలిన చెక్కకు తారు పూసి నడుపుతడు. దొంగతనంగ నడిపేటోడు పొద్దూకినంక నడుపుతడు. అప్పుడు ప్రమాదం ఎవడు తెచ్చినట్టు? మౌనంగ కూసున్న ఫైలు తెచ్చినట్టు.

మా డిమాండ్లు

ఒకటి. ప్రయాణికుల పడవ రెన్యువల్ దరఖాస్తు అందిన 30 రోజుల్ల ఇయ్యాలె, లేకపోతే కారణం రాసి తిరస్కరించాలె. జవాబు లేకపోతే, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ గడువుల ఉన్న పడవకు పాత లైసెన్సే నడుస్తున్నట్టు లెక్క కట్టాలె. కాయితాలు గడువు దాటిన పడవకు ఈ వెసులుబాటు వద్దు.

రెండు. ఒకటే ఆఫీసు, ఒకటే కిటికీ. నీళ్ళోళ్ళు, రెవెన్యూ వాళ్ళు, పోలీసోళ్ళు, పంచాయతీ వాళ్ళు ఏడాదికి ఒక్కరోజు రేవు కాడికే రావాలె. పడవను అక్కడనే చూడాలె, కాయితం అక్కడనే ఇయ్యాలె. పడవ మనిషి జిల్లా కేంద్రం చుట్టూ తిరుగొద్దు.

మూడు. రేవుకు వేలంపాట వద్దు. ఫీజు నామమాత్రంగ ఉండాలె. వచ్చిన ప్రతి పైసా ఆ రేవుకే ఖర్చు పెట్టాలె. ముంపు కుటుంబాలకు, స్థానిక మత్స్యకారుల సంఘాలకు మొదటి హక్కు ఇయ్యాలె.

నాలుగు. ప్రతి సరిహద్దు రేవుల తేలే జెట్టీ, లైటు, మైకు, జాకెట్లు, గజ ఈతగాళ్ళు ఉండాలె. పడవ మీద ఎంతమంది పడుతరో తెలుగుల పెద్ద అక్షరాలతోని రాయాలె. ఎక్కేటోళ్ళ పేర్లు రాసుకునే రిజిస్టర్ రేవుల ఉండాలె.

ఐదు. జాకెట్లు, ఇంజన్, ఇన్సూరెన్స్‌కు చిన్న పడవలకు సబ్సిడీ ఇయ్యాలె. ఆర్టీసీ నష్టాల్ల ఉన్నా పల్లెకు బస్సు నడుపుతున్నం కదా, నీళ్ళ మీద పల్లెకు ఆ మాత్రం హక్కు లేదా?

ఆరు. జాతర్లు, శివరాత్రి రోజుల్ల ఇద్దరు కలెక్టర్లు కలిసి రేవు చూడాలె. 2007 మళ్ళ రావొద్దు.

ఎవరు చేయాలె?

విద్యార్థి మిత్రులారా! సమాచార హక్కు చట్టం 2005 నుంచి మీ చేతుల ఉన్నది. మీ మండలంల ఎన్ని రేవులున్నయి, ఎన్ని పడవలకు లైసెన్సు ఉన్నది, ఎన్ని రెన్యువల్ దరఖాస్తులు ఎన్ని రోజుల నుంచి పడి ఉన్నయి, ఎందుకు పడి ఉన్నయి? ఈ నాలుగు ప్రశ్నలు ఒక్క తెల్ల కాయితం మీద రాసి ఇయ్యుండ్రి. 30 రోజుల్ల జవాబు చెప్పక తప్పదు. జవాబు వస్తే మాకు పంపుండ్రి, అచ్చేస్తం. రాకపోతే అదే అచ్చేస్తం.

ఉద్యోగ మిత్రులారా! 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు జీతం వదులుకొని నిలబడ్డోళ్ళు మీరు. ఆ రోజు మీరు పెన్ను కింద పెట్టుడు ఉద్యమం. ఇయ్యాల ఆ రేవు ఫైలు మీద పెన్ను పెట్టుడు ఉద్యమం. "పై నుంచి ఆర్డర్ రావాలె" అన్న మాట సమైక్య పాలనల మనం విని విని విసిగిపోయిన మాట. అదే మాట మన నోటి నుంచి వస్తే, పోయింది ఎవరు, వచ్చింది ఎవరు?

2014 నుంచి గులాబీ సర్కారును చూసినం. 2023 డిసెంబర్ నుంచి కాంగ్రెస్ సర్కారును చూస్తున్నం. నీళ్ళు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకున్నది జనం. నీళ్ళ మీద మనిషి క్షేమంగ దాటుడు ఆ నీళ్ళ లెక్కలకే రావాలె. రేవుకు కోటి రూపాయలు ఆ నిధుల లెక్కలకే రావాలె. ముంపు కుటుంబం పిల్లగాడు సొంత పడవ మీద సొంత లైసెన్సుతోని బతుకుడు ఆ నియామకాల లెక్కలకే రావాలె.

ఏరు దాటినంక తెప్ప తగలవెట్టేటోళ్ళను మనం చాలమందిని చూసినం. తెలంగాణ అనే ఏరు మనల్ని దాటించింది ఇట్లాంటి చిన్న చిన్న మనుషులే. వాళ్ళ తెప్ప జోలికి పోతే ఊకోం. ఆ ఫైలు కదలాలె. కదిలేదాక ప్రతి వారం ఈ పేజీల అడుగుతనే ఉంటం.